చెయ్యి ఆపరేషన్‌కు ఏ బ్లాక్ ఇవ్వాలి? అల్ట్రాసౌండ్‌తో ఎంచుకునే పద్ధతి

వరంగల్ చుట్టుపక్కల ఆర్థో థియేటర్‌లో చేతి కేసు లేని రోజు అరుదు. తాటిచెట్టు మీద నుంచి పడి మణికట్టు విరిగిన గీత కార్మికుడు, జిన్నింగ్ మిల్లులో వేళ్లు నలిగిన కూలీ, కరీంనగర్ రోడ్డు మీద బైక్ జారి ముంజేయి రెండు ఎముకలూ విరగ్గొట్టుకున్న కుర్రాడు, డయాలసిస్ కోసం ఫిస్టులా (చేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టడం) వేయించుకునే పెద్దమనిషి. వీళ్లందరికీ జనరల్ అనెస్తీషియా కన్నా నరాల దగ్గర మందు ఇచ్చి చెయ్యి ఒక్కటి మొద్దుబార్చడం, అంటే బ్లాక్, చాలాసార్లు మేలు. సమస్య ఏమిటంటే, మనలో చాలామంది పీజీలో ఒక్క బ్లాక్ బాగా నేర్చుకుని వస్తాం, ఎక్కువగా కాలర్ బోన్ పైన ఇచ్చే సుప్రాక్లావిక్యులరే. ఇక భుజం నుంచి వేలిగోరు దాకా అన్నిటికీ అదే ఇస్తుంటాం. నా ఉద్దేశంలో ఆ అలవాటు మార్చుకోవాలి.

ఇది అనెస్తీషియా పీజీల కోసం, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి లాంటి చోట్ల ఒంటరిగా డ్యూటీ చేసే కొత్త డాక్టర్ల కోసం. ఇది చదివి నేరుగా సూది పట్టుకోకండి. మొదటి బ్లాకులు చెయ్యి తిరిగిన సీనియర్ పక్కన ఉండగానే చేయాలి.

సూది కన్నా ముందు మూడు ప్రశ్నలు

మొదటిది: కోత ఎక్కడ? రెండోది: టోర్నికే (రక్తం ఆపే పట్టీ) ఎక్కడ కడతారు? మూడోది: ఈ మనిషి ఊపిరితిత్తులు, రక్తం ఎలా ఉన్నాయి? ఈ మూడింటికీ జవాబు దొరికితే బ్లాక్ దాదాపు తేలిపోయినట్టే.

చేతి నరాల గుంపైన బ్రేకియల్ ప్లెక్సస్ మెడలో సీ5 నుంచి టీ1 దాకా ఉన్న నరాల వేర్లతో మొదలై, ట్రంకులు, డివిజన్లు, కార్డులుగా మారి, చంకలో విడివిడి నరాలుగా చీలుతుంది. మెడ దగ్గర పట్టుకుంటే భుజం బాగా మొద్దుబారుతుంది, చిటికెన వేలు మిగిలిపోతుంది. చంకలో పట్టుకుంటే అరచెయ్యి, ముంజేయి పూర్తిగా వస్తాయి, భుజం రాదు. మెడలో ఇంటర్‌స్కేలీన్, కాలర్ బోన్ పైన సుప్రాక్లావిక్యులర్, దాని కింద ఇన్‌ఫ్రాక్లావిక్యులర్, చంకలో ఆక్సిలరీ, ఈ నాలుగు బ్లాకుల తేడా అంతా ఇందులోనే ఉంది.

టోర్నికే సంగతి చాలామంది మర్చిపోతారు. పైచేతి లోపలి వైపు చర్మానికి స్పర్శ ఇచ్చే ఇంటర్‌కోస్టోబ్రేకియల్ నరం టీ2 నుంచి వస్తుంది, ప్లెక్సస్‌లో భాగం కాదు. చంక కింద, పైచేతి లోపలి అంచున చర్మం కింద 3 నుంచి 5 మి.లీ. మందు అడ్డంగా వేస్తే ఆ చర్మం వరకు మొద్దుబారుతుంది. అయితే టోర్నికే నొప్పిలో ఎక్కువ భాగం రక్తం ఆగిన కండరం నుంచి వచ్చేదే కాబట్టి, కింద ప్లెక్సస్ సరిగ్గా పట్టకపోతే ఈ ఇంజెక్షన్ ఒక్కటే కాపాడదు.

కేస్ షీట్‌లో ముందే రాయాల్సినవి

పేషెంట్‌తో వేళ్లు కదిలించి చూడండి, స్పర్శ చూడండి, చూసింది రాయండి. హ్యూమరస్ (పైచేతి ఎముక) మధ్యలో విరిగితే రేడియల్ నరం దెబ్బతిని మణికట్టు వాలిపోవడం తెలిసిందే. బ్లాక్‌కు ముందు అది రాసుకోకపోతే, మర్నాడు ఆ నింద మీ సూది మీదికి వస్తుంది.

కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ (వాపుతో కండరం లోపల ఒత్తిడి పెరిగి రక్తం ఆగడం) వచ్చే అవకాశం ఉన్న కేసుల్లో, అంటే నలిగిన ముంజేయి, వేగంగా వచ్చి ఢీకొట్టిన దెబ్బ లాంటివాటిలో సర్జన్‌తో ముందే మాట్లాడండి. రాత్రంతా రాయిలా మొద్దుబారిన చెయ్యి దానికి సూచన అయిన నొప్పిని దాచేయొచ్చు. అలాంటి చోట త్వరగా దిగిపోయే మందు వాడండి, లేదా బ్లాకే మానండి. ఇది చర్చలో ఉన్న విషయమే. నేను మాత్రం జాగ్రత్త వైపే ఉంటాను.

ఇంకో మాట. పొద్దున్నే సద్ది తిని వచ్చినవాడికి "బ్లాకే కదా" అని ధీమాగా ఉండొద్దు. బ్లాక్ పట్టకపోతే జనరల్‌కు పోవాల్సిందే. ఆగగలిగిన కేసైతే కడుపు ఖాళీగా ఉండాలన్న నియమం మారదు.

మందు లెక్క ముందు, స్కాన్ తర్వాత

మన దగ్గర మామూలుగా జరిగేది ఇది: 0.5 శాతం బుపివకెయిన్ 15 మి.లీ., అడ్రినలిన్ ఉన్న 2 శాతం లిగ్నోకెయిన్ 15 మి.లీ. కలిపి 30 మి.లీ. చేసి ఇచ్చేయడం. ఇప్పుడు 45 కిలోల పత్తి ఏరే అవ్వ టేబుల్ మీద ఉందనుకోండి. బుపివకెయిన్ కిలోకు 2 మి.గ్రా. చొప్పున ఆమె హద్దు 90 మి.గ్రా. మీరు ఇచ్చింది 75, అంటే హద్దులో 83 శాతం. అడ్రినలిన్‌తో లిగ్నోకెయిన్ కిలోకు 7 చొప్పున హద్దు 315. మీరు ఇచ్చింది 300, అంటే 95 శాతం. రెండు మందుల విషప్రభావం కలిసిపోతుంది కాబట్టి ఆమెకు హద్దు కన్నా ముప్పావు వంతు ఎక్కువే పడింది. ఇంతకాలం ఏమీ కాలేదని ఎవరైనా అంటే, అది అదృష్టమే.

కలపడం వల్ల వచ్చే లాభం కూడా తక్కువే. కొంచెం త్వరగా పట్టొచ్చు, కానీ బ్లాక్ నిలిచే సమయం తగ్గుతుంది. అందుకే ఒక్క మందే వాడమంటాను. ఆ అవ్వకు 0.5 శాతం బుపివకెయిన్ 15 మి.లీ. చాలు, అల్ట్రాసౌండ్ ఉన్నప్పుడు. తర్వాత సర్జన్ చర్మంలో కాస్త లోకల్ వేసినా హద్దు దాటకుండా జాగా మిగులుతుంది. బుపివకెయిన్‌తో 20 నుంచి 30 నిమిషాలు ఆగాలి. ఆగే ఓపిక సర్జన్‌కు లేకపోతే, ముందు కేసు నడుస్తుండగానే తర్వాతి పేషెంట్‌కు బ్లాక్ ఇచ్చే ఏర్పాటు చేసుకోండి. రోపివకెయిన్ దొరికితే ఇంకా మంచిది. గుండె మీద దాని ప్రభావం కొంత తక్కువ, హద్దు కిలోకు 3 మి.గ్రా.

ఈ మందుల విషప్రభావానికి విరుగుడైన 20 శాతం లిపిడ్ ఎమల్షన్ థియేటర్‌లోనే ఉండాలి. ఫార్మసీలో ఉందంటే లేనట్టే లెక్క. మాట తడబడటం, నోరు చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, ఫిట్స్, గుండె లయ తప్పడం, వీటిలో ఏది కనిపించినా మందు ఎక్కించడం ఆపి, ఆక్సిజన్ ఇచ్చి, సాయానికి పిలవండి. ఫిట్స్‌కు మిడజోలం వాడండి. లిపిడ్ కిలోకు 1.5 మి.లీ. రెండు మూడు నిమిషాల్లో, ఆ వెంటనే నిమిషానికి కిలోకు 0.25 మి.లీ. చొప్పున డ్రిప్. 50 కిలోల మనిషికి మొదట 75 మి.లీ., తర్వాత నిమిషానికి 12.5 మి.లీ. అన్నమాట. మొత్తం కిలోకు 12 మి.లీ. దాటకూడదు. గుండె ఆగితే సీపీఆర్ మొదలుపెట్టండి, అడ్రినలిన్ మాత్రం కిలోకు 1 మైక్రోగ్రామ్ మించకుండా చిన్న డోసుల్లో వాడండి. ఈ లెక్కలు అప్పటికప్పుడు తల నుంచి రావు. కాగితం మీద రాసి ట్రాలీకి అంటించండి.

మెషీన్ సిద్ధం చేసుకోవడం

లీనియర్ ప్రోబ్, ఎక్కువ ఫ్రీక్వెన్సీ, డెప్త్ 3 సెం.మీ. దగ్గర మొదలుపెట్టండి. స్క్రీన్ పేషెంట్‌కు అవతలి పక్కన, మీ కళ్లకు ఎదురుగా ఉండాలి. మెడ తిప్పి చూస్తూ సూది నడిపితే ప్రోబ్ జారుతుంది. సూది ఎటువైపు నుంచి వస్తుందో స్క్రీన్ మీద కూడా అదే వైపు ఉందో లేదో ప్రోబ్ అంచు వేలితో తాకి చూసుకోండి. నరం మసకగా ఉంటే మెషీన్‌ను తిట్టకముందు ప్రోబ్‌ను కొద్దిగా అటూ ఇటూ వంచి చూడండి. ధ్వని నిటారుగా తగిలితేనే నరం తేటగా కనిపిస్తుంది.

మన దేశంలో మెషీన్‌కు ఇంకో బాధ్యత కూడా ఉంది. నరాలు చూడటానికే కొన్నా సరే, అల్ట్రాసౌండ్ యంత్రం 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం (పుట్టబోయే బిడ్డ లింగ నిర్ధారణను నిషేధించేది) కింద నమోదై ఉండాలి. రిజిస్టరైన ఆస్పత్రి దాటించి, కారు డిక్కీలో పెట్టుకుని హన్మకొండ నుంచి పరకాల దాకా తిప్పడం కుదరదు. నాలుగు నర్సింగ్ హోమ్‌లకు వెళ్లే ఫ్రీలాన్స్ డాక్టర్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఏ బ్లాక్‌కైనా వర్తించే అలవాట్లు కొన్ని ఉన్నాయి. సూది గుచ్చే ముందు ఒక్క క్షణం ఆగి ఏ చెయ్యో గట్టిగా పైకి చెప్పండి. సూది మొన కనిపించకపోతే ముందుకు తోయొద్దు. ప్రతి 3-5 మి.లీ.కు వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడండి. మందు వెళ్తుంటే స్క్రీన్ మీద నల్లగా పరుచుకోవడం కనిపించాలి. కనిపించకపోతే అది రక్తనాళంలోకి పోతోందని అనుమానించండి. సిరంజి బిగుతుగా అనిపించినా, పేషెంట్ "సారూ, కరెంటు కొట్టినట్టయితాంది" అన్నా అక్కడే ఆపి సూది వెనక్కి తీయండి. అందుకే పేషెంట్‌ను పూర్తిగా నిద్రపుచ్చి బ్లాక్ ఇవ్వొద్దంటాం.

ఇంటర్‌స్కేలీన్: భుజానికి మాత్రమే

దీని గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే చెయ్యి, అరచెయ్యి ఆపరేషన్లకు ఇది తప్పు ఎంపిక. సీ8, టీ1 సరిగ్గా పట్టవు, అంటే అల్నార్ వైపు (చిటికెన వేలి వైపు) మిగిలిపోతుంది. భుజం, హ్యూమరస్ పైభాగం అయితేనే వాడండి. ఊపిరి కండరమైన డయాఫ్రమ్‌ను నడిపే ఫ్రెనిక్ నర్వ్ యాంటీరియర్ స్కేలీన్ కండరం మీదే ఉంటుంది కాబట్టి మామూలు మోతాదు 20 మి.లీ. ఇస్తే ఆ వైపు డయాఫ్రమ్ దాదాపు అందరిలోనూ తాత్కాలికంగా చచ్చుబడుతుంది. మోతాదు తగ్గిస్తే ఇది తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. గొంతు బొంగురుపోవడం, ఆ వైపు కన్ను మూతపడినట్టు ఉండటం వస్తే కంగారుపడొద్దని ముందే చెప్పండి. రెండు వైపులా ఒకేసారి ఎప్పుడూ ఇవ్వొద్దు.

సుప్రాక్లావిక్యులర్: త్వరగా పడుతుంది, ఊపిరితిత్తి పక్కనే ఉంటుంది

1911లో జర్మన్ సర్జన్ కులెన్‌కాంఫ్ కాలర్ బోన్ పైన సూది గుచ్చే ఈ పద్ధతిని మొదట తన మీదే ప్రయోగించుకున్నాడు. ఆ తర్వాత ఎనభై ఏళ్లకు పైగా చాలామంది చేతి వేలితో ధమని తడుముకుంటూ గుడ్డిగానే గుచ్చారు. 1994లో వియన్నా డాక్టర్లు ఇదే బ్లాక్‌ను అల్ట్రాసౌండ్‌తో చూస్తూ చేసి చూపించారు. పాత తరం వాళ్లు ఈ బ్లాక్ పేరు వింటే ఎందుకు జంకేవారో స్క్రీన్ మీద ప్లూరా (ఊపిరితిత్తి పొర) ఎంత దగ్గరగా ఉందో చూస్తే అర్థమవుతుంది.

పేషెంట్ తల కాస్త ఎత్తి, ముఖం అవతలికి తిప్పండి. ప్రోబ్‌ను కాలర్ బోన్ వెనక గుంటలో పెట్టి, ఛాతీలోకి తొంగిచూస్తున్నట్టు వంచండి. కొట్టుకుంటున్న సబ్‌క్లేవియన్ ధమని కనిపిస్తుంది. దాని కింద తెల్లటి గీతలు రెండు: వెనకంతా నల్లటి నీడ ఉంటే మొదటి పక్కటెముక, ఊపిరితో పాటు జారుతూ ఉంటే ప్లూరా. ధమనికి బయటి వైపు, కొంచెం పైన, ద్రాక్ష గుత్తిలా ఉన్నదే ప్లెక్సస్. ధమని కింద పక్కటెముక ఉండేలా ప్రోబ్ సర్దుకున్నాకే సూది పట్టండి. కలర్ డాప్లర్ ఒకసారి తప్పనిసరిగా వేయండి. ఆ గుత్తి మధ్యలోంచే డోర్సల్ స్కాపులర్ ధమని పోతూ ఉండొచ్చు.

సూదిని బయటి నుంచి లోపలికి, ప్రోబ్ కింద పొడవునా కనిపించేలా నడపండి. ముందు ధమనికీ పక్కటెముకకూ మధ్య మూలలో 8-10 మి.లీ. ఇవ్వండి. ప్లెక్సస్ పైకి లేస్తుంది. కింది ట్రంక్ అక్కడే ఉంటుంది, చిటికెన వేలు మిగిలిపోకుండా ఉండాలంటే ఈ మూల వదలకూడదు. తర్వాత సూది వెనక్కి తీసి గుత్తి పైభాగం చుట్టూ మిగతాది. గుత్తి లోపలికి గుచ్చితే త్వరగా పడుతుందని కొందరు చేస్తారు. ఆ పది నిమిషాల లాభం కోసం నరంలోకి గుచ్చే ప్రమాదం నాకు సమ్మతం కాదు.

హ్యూమరస్ మధ్యభాగం, మోచేయి, పైచేతి ఫిస్టులాలకు ఇది మంచి ఎంపిక. చెయ్యి పక్కకు చాపలేని పేషెంట్‌కూ పనికొస్తుంది. కానీ ఫ్రెనిక్ ఇక్కడా చాలామందిలో తగులుతుంది. ఏళ్ల తరబడి బీడీ కాల్చిన కాక, బొగ్గు గనిలో పనిచేసి రిటైరై నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే పెద్దాయన, వీళ్ల మణికట్టు ఆపరేషన్‌కు ఈ బ్లాక్ ఇవ్వడానికి కారణమే లేదు. న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) అల్ట్రాసౌండ్‌తో తగ్గింది, పోలేదు. గంటల తర్వాత కూడా బయటపడొచ్చు కాబట్టి, ఇంటికి పంపేటప్పుడు ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే వెంటనే రమ్మని చెప్పండి.

ఇన్‌ఫ్రాక్లావిక్యులర్: విరిగిన చెయ్యి కదపలేనప్పుడు

ప్రోబ్‌ను కాలర్ బోన్ కింద, కోరకాయిడ్ ఎముకకు లోపలి పక్కన నిలువుగా పెట్టండి. పెక్టొరాలిస్ మేజర్, మైనర్ కండరాల కింద ఆక్సిలరీ ధమని, దాని చుట్టూ మూడు కార్డులు. సూది తల వైపు నుంచి ఏటవాలుగా దిగుతుంది. లక్ష్యం ఒక్కటే: ధమని వెనక. అక్కడ మందు పోస్తే ధమనిని కింద నుంచి చుట్టుకుని మూడు కార్డులకూ చేరుతుంది. ప్రతి కార్డును వెతకాల్సిన పని లేదు. మామూలు బరువున్న మనిషికి 20-25 మి.లీ. అవసరమవుతుంది, కాబట్టి బక్కపలచని వాళ్లకు మందు పలుచన చేసుకోవాలి.

దీనికి చెయ్యి శరీరం పక్కనే ఉండొచ్చు. వీలైతే చెయ్యి పక్కకు చాపించండి, ప్లెక్సస్ చర్మానికి దగ్గరవుతుంది. టోర్నికేను బాగా తట్టుకుంటారు, కాథెటర్ (మందు ఎక్కించే సన్నని గొట్టం) పెడితే కదలకుండా నిలుస్తుంది. కష్టం ఏమిటంటే లోతు. సూది నిటారుగా దిగే కొద్దీ మొన కనిపించదు. లావుగా ఉన్నవాళ్లలో మరీను. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లకు వద్దు, అక్కడ ధమనికి తగిలితే పైనుంచి నొక్కి ఆపలేం.

ఆక్సిలరీ: ముందు ఇది నేర్చుకోండి

మోచేయి కింద నుంచి వేళ్ల దాకా వచ్చే కేసులకు నా మొదటి ఓటు దీనికే. ప్లూరా దరిదాపుల్లో లేదు, ఫ్రెనిక్ లేదు, ధమనికి తగిలినా వేళ్లతో నొక్కిపట్టొచ్చు. డయాలసిస్‌లో హెపారిన్ తీసుకునే పేషెంట్‌కు, ఆయాసపడే పేషెంట్‌కు, ఒంటరిగా డ్యూటీ చేసే మీకు, ముగ్గురికీ ఇదే క్షేమం. సుప్రాక్లావిక్యులర్, ఇన్‌ఫ్రాక్లావిక్యులర్, ఆక్సిలరీలను పోల్చి చూసిన ట్రయల్స్‌లో చివరికి బ్లాక్ పట్టే శాతం మూడింటికీ దాదాపు సమానమే. ఆక్సిలరీకి సూది ఎక్కువసార్లు కదపాలి, కొంచెం ఎక్కువ సమయం పడుతుంది. అంతే తేడా.

చెయ్యి పక్కకు చాపి మోచేయి మడవండి. ప్రోబ్‌ను చంక ముడత దగ్గర చేతికి అడ్డంగా పెట్టండి. మొదట గట్టిగా నొక్కండి, సిరలు మూసుకుపోయి ధమని ఒక్కటే కొట్టుకుంటుంది. తర్వాత ఒత్తిడి వదిలి సిరలు ఎక్కడెక్కడ తెరుచుకుంటున్నాయో చూసుకోండి. నొక్కిపట్టి ఉంచితే మూసుకుపోయిన సిరలోకి సూది పోయినా తెలియదు. ధమని కింద మెరిసే తెల్లటి పట్టీ లాటిసిమస్ డోర్సై, టెరెస్ మేజర్ కండరాల టెండన్. అది కనిపిస్తే సరైన చోట ఉన్నట్టు.

ఆ టెండన్ మీద, ధమని వెనక రేడియల్ ఉంటుంది. బైసెప్స్ వైపు మీడియన్, అవతలి వైపు కొంచెం పైపైన అల్నార్. మస్కులోక్యుటేనియస్ వీటితో ఉండదు, బైసెప్స్‌కూ కోరకోబ్రేకియాలిస్‌కూ మధ్య విడిగా ఉంటుంది. దాన్ని వదిలేస్తే ముంజేయి బొటనవేలి వైపు చర్మం మేలుకునే ఉంటుంది. మణికట్టు ప్లేటింగ్ చేసే సర్జన్ కోత పెట్టేది సరిగ్గా అక్కడే. ఏ నరం ఏదో తేలకపోతే ప్రోబ్‌ను మోచేయి దాకా జరుపుతూ వెంబడించండి. అల్నార్ మోచేయి లోపలి బొడిపె వెనక్కి పోతుంది, మీడియన్ ధమనిని వదలదు, రేడియల్ ఎముక వెనక్కి మాయమవుతుంది.

మందు లోతైన రేడియల్‌కు ముందు ఇవ్వండి, లేకపోతే పైన చేరిన మందు, గాలి బుడగలు కింద ఉన్నదాన్ని కనబడనివ్వవు. నరానికి 4 మి.లీ. చొప్పున 15-16 మి.లీ.తో ముగుస్తుంది.

ఫిస్టులా పేషెంట్లకు బ్లాక్ వల్ల ఇంకో లాభం ఉంది. నరాలు మొద్దుబారితే సిరలు వెడల్పవుతాయి. 2016లో లాన్సెట్‌లో వచ్చిన ట్రయల్‌లో మూడు నెలలకు ఫిస్టులా తెరిచి ఉన్నది బ్రేకియల్ ప్లెక్సస్ బ్లాక్ ఇచ్చినవాళ్లలో 84 శాతం, లోకల్ ఇచ్చినవాళ్లలో 62 శాతం.

చిన్న కేసులకు చిన్న బ్లాక్

ఒక్క వేలి టెండన్ కుట్టడానికి చెయ్యంతా పడగొట్టాల్సిన పని లేదు. ముంజేయి మధ్యలో మీడియన్, అల్నార్ ధమని పక్కన అల్నార్, మోచేయి దగ్గర రేడియల్, ఒక్కోదానికి 4-5 మి.లీ. వేలు కదిలించే బలం చాలావరకు మిగులుతుంది కాబట్టి కుట్టిన టెండన్ నడుస్తుందో లేదో సర్జన్ టేబుల్ మీదే చూసుకోవచ్చు. పైచేతి టోర్నికే ఎక్కువసేపు ఉండేటట్టయితే మాత్రం ఇవి చాలవు. పెద్ద బ్లాక్‌లో ఒక నరం మిగిలిపోయినప్పుడు పూరించడానికి కూడా ఇవే పనికొస్తాయి, మందు లెక్కలో వాటినీ కలుపుకుంటే.

పట్టిందో లేదో చూడటం, ఇంటికి పంపడం

సూదితో గుచ్చి "నొప్పుందా?" అని అడిగితే భయానికి ఉందనే అంటారు. నాలుగు పనులు చేయించండి. చెయ్యి చాపి తోయమనండి, రేడియల్ తెలుస్తుంది. మోచేయి మడిచి లాగమనండి, మస్కులోక్యుటేనియస్. చూపుడు వేలు గిల్లితే మీడియన్, చిటికెన వేలు గిల్లితే అల్నార్. అరగంట తర్వాత కూడా ఒకటి మిగిలితే కోత పెట్టకముందే కింద విడిగా పట్టుకోండి.

వార్డుకు పంపేటప్పుడు చెయ్యి స్లింగ్‌లో ఉండాలి. మొద్దుబారిన చెయ్యి తమది కాదన్నట్టు వేలాడేసి, మంచం కడ్డీకి కొట్టుకుంటారు. పొయ్యి దగ్గరికి, వేడి టీ గ్లాసు దగ్గరికి ఆ చెయ్యి పోనివ్వొద్దని వెంట వచ్చినవాళ్లకు చెప్పండి, పేషెంట్‌కు కాదు. పొద్దున పదకొండింటికి ఇచ్చిన బుపివకెయిన్ బ్లాక్ సాధారణంగా రాత్రి పొద్దుపోయాక దిగుతుంది, దిగుతూనే నొప్పి ఒక్కసారిగా ఎగదన్నుతుంది. అందుకే సాయంత్రం ఏడింటికి, చెయ్యి ఇంకా మొద్దుగా ఉండగానే, మొదటి పారాసిటమాల్ మోతాదు వేయించాలి. చీటీలో గోళీ పేరు పక్కన ఆ టైమ్ కూడా తెలుగులో రాయండి. మర్నాడు మధ్యాహ్నానికి కూడా వేళ్లు కదలకపోయినా, ప్లాస్టర్ లోపల భరించలేని నొప్పి వచ్చినా ఏ నంబర్‌కు ఫోన్ చేయాలో దాని కిందే రాయండి.